రేడియో లైసెన్సుకు వన్‌టౌన్ బోణీ

"వెనక్కి తీసుకోవడం లేదండీ" అన్నాడు పెద్దాయన.

కంపెనీల దివాలా కేసులు వినే ట్రిబ్యునల్ హాలు అది. గుసగుసలాడుకుంటున్న లాయర్లు ఒక్కసారిగా ఆగారు. బెంచి మీద ఉన్న ఇద్దరిలో తెలుగు వచ్చిన సభ్యుడు కళ్ళజోడు సర్దుకుని పెద్దాయన వంక చూశారు. అందరికంటే ఎక్కువ కంగారుపడింది పెద్దాయన తరఫు లాయరే. తమ అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంటున్నామని చెప్పడానికి లేచి, సగం వాక్యం పూర్తి చేశాడాయన. సొంత క్లయింటే అడ్డం రావడంతో మిగతా సగం గొంతులోనే ఉండిపోయింది.

పెద్దాయన విజయవాడ వన్‌టౌన్‌లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. మా ఎఫ్.ఎం. రేడియో స్టేషన్ లైసెన్సును కొత్త యజమానికి బదిలీ చేయకూడదని ట్రిబ్యునల్‌కు ఎక్కిన చిన్న రుణదాతలందరికీ ఆయనే నాయకుడు. పంచె కట్టుకుని, చెప్పులు హాలు గుమ్మం బయటే విడిచి వచ్చాడు. నేను చివరి వరసలో కూర్చున్నాను. నా పక్కన మా స్టేషన్లో ఉదయం కార్యక్రమం చేసే అమ్మాయి ఉంది.

"అయిపోయింది సార్, మన పని" అంది, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని.

నేనూ అలాగే అనుకున్నాను. ఆ తర్వాత ఏమైందో చెప్పేముందు, పప్పుల వ్యాపారికీ రేడియో లైసెన్సుకూ సంబంధం ఏమిటో చెప్పాలి.

నేను పుట్టుకతో రేడియో మనిషిని కాను. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం దినపత్రికలో గడిపాను. పత్రికలు పేజీలు తగ్గించుకుంటున్న కాలంలో, ఒక ప్రైవేటు ఎఫ్.ఎం. కంపెనీ విజయవాడ స్టేషన్ చూసుకోమని పిలిస్తే వెళ్ళాను. ప్రైవేటు ఎఫ్.ఎం.కు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. వార్తలు తప్ప మరేదీ చేతకాని మనిషిని తీసుకెళ్ళి వార్తలు నిషేధించిన చోట కూర్చోబెట్టారు. పైగా పత్రికవాడి రోజు మధ్యాహ్నం భోజనం తర్వాత మొదలవుతుంది, రేడియోవాడి రోజు తెల్లవారకముందే. విజయవాడ ఉదయాలు ఎలా ఉంటాయో ఆ ఊళ్ళో అన్నేళ్ళు ఉన్నాక అప్పుడే మొదటిసారి చూశాను.

ఉదయం కార్యక్రమం అమ్మాయిది కొల్లేరు పక్క ఊరు. వాళ్ళ ఇంట్లో అందరిదీ చేపల పని. మైకు ముందు కూర్చుంటే వాకిట్లో నిలబడి పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడేది. 'బోణీ కబురు' ఆమె మొదలుపెట్టిందే. రోజూ ఉదయం వన్‌టౌన్‌లోనో, చేపల మార్కెట్లోనో ఏదో ఒక కొట్టుకు ఫోన్ చేసి, "ఈవేళ బోణీ ఏంటండీ?" అని అడిగేది. మొదటి బేరం అయ్యాకే వాళ్ళు ఫోన్ ఎత్తేవారు. ఏం అమ్మారో, ఏ ఊరి బేరమో చెప్పేవారు. ఒక నిమిషం ముచ్చట, అంతే. దానికి మేం ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. కానీ వన్‌టౌన్‌లో ఆ సమయానికి రేడియో పెట్టని కొట్టు ఉండేది కాదు. ఎవరి బోణీ రేడియోలో వస్తే ఆ రోజు వాళ్ళకు బేరాలు బాగుంటాయన్న నమ్మకం కూడా ఎలాగో పాకిపోయింది. తమ వంతు ఎప్పుడొస్తుందని నన్ను దారిలో ఆపి అడిగినవాళ్ళున్నారు.

ఇంతలో మా కంపెనీ దివాలా తీసింది. విజయవాడ స్టేషన్ చేసిన అప్పుల వల్ల కాదు, వేరే ఊళ్ళలో ఇంకేవో వ్యాపారాలకు చేసిన అప్పుల వల్ల. బ్యాంకు ట్రిబ్యునల్‌కు వెళ్ళింది. కంపెనీని నడిపి, కొనేవాళ్ళను వెతకడానికి ట్రిబ్యునల్ ఆర్పీ హోదాలో ఒక అధికారిని నియమించింది. హైదరాబాదు నుంచి వచ్చిన చార్టర్డ్ అకౌంటెంట్ ఆయన. మర్యాదస్తుడు, కష్టజీవి, మాట మీద నిలబడే మనిషి. వచ్చిన వారంలోనే రెండు పనులు చేశాడు. రెండూ సదుద్దేశంతో చేసినవే.

మొదటిది, ఆదాయం లేని కార్యక్రమాలన్నీ ఆపించాడు. బోణీ కబురు ఆగిపోయింది. ఆ స్థానంలో హైదరాబాదు స్టూడియో కార్యక్రమమే ఇక్కడా రాసాగింది. కృష్ణా డెల్టా అంతా పొద్దున్నే లేచి ఎల్బీనగర్‌లో ట్రాఫిక్ ఎలా ఉందో వినాల్సి వచ్చింది.

"మా నాన్న రేడియో కట్టేశాడు సార్" అని చెప్పింది మా స్టేషన్ అమ్మాయి. "చెరువు గట్టు మీద ఉండేవాడికి ఎల్బీనగర్ ఎడం పక్కా కుడి పక్కా ఎందుకే అంటున్నాడు."

రెండో పని, కంపెనీ నుంచి డబ్బు రావలసిన చిన్నవాళ్ళందరినీ తానే స్వయంగా కలిసి, వాళ్ళ క్లెయిములు తీసుకోవాలనుకున్నాడు. మరొక అధికారి అయితే పేపర్లో ప్రకటన ఇచ్చి ఊరుకునేవాడు. ఈయన ఎండ ఎక్కకముందే పూర్తి చేద్దామని తెల్లవారుతూనే వన్‌టౌన్‌కు బయలుదేరాడు. కొట్ల షట్టర్లు అప్పుడే లేస్తున్నాయి. అక్కడి వ్యాపారులు చాలామంది ప్రకటనల కోసం మాకు ముందే డబ్బు కట్టారు, ఆ ప్రకటనలు రాకుండానే కంపెనీ మునిగింది. ఈయన కొట్టు కొట్టుకూ వెళ్ళి, నమస్కారం పెట్టి, ఫారం చేతికిచ్చి, మీకు రావలసిన బాకీ ఎంతో రాసివ్వండని అడిగాడు.

బోణీ కాకముందు!

వ్యాపారం ఎరిగిన ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. తెలియని పిల్లలకు చెబుతున్నాను: బోణీ అయ్యేదాకా కొట్లో అరువు ఇవ్వరు, బాకీ మాట ఎత్తరు. ఆ మాట మొదట చెవిన పడితే ఆ రోజంతా అదే దారి పడుతుందని నమ్మకం. అలాంటిది, మునిగిపోయిన బాకీ గురించి, దీపం పెడుతున్న మనిషి ముందుకొచ్చి అడిగాడు. అదీ బజారు మొత్తం తిరిగి.

కొనే మనిషి దొరకడం మాత్రం మా అదృష్టం. గుడివాడ వైపు రైతు కుటుంబం నుంచి వెళ్ళి హైదరాబాదులో వ్యాపారంలో స్థిరపడిన ఆవిడ. బ్యాంకు ఆవిడ ప్రతిపాదనకు ఒప్పుకుంది. ట్రిబ్యునల్ ఆమోదం, ఆపైన లైసెన్సు బదిలీకి ఢిల్లీ అనుమతి, ఇవే మిగిలాయి. సరిగ్గా అప్పుడు వన్‌టౌన్ వ్యాపారులు, మా జనరేటరుకు డీజిల్ పోసిన హనుమాన్ జంక్షన్ బంకు యజమాని, ఇంకొందరు కలిసి అభ్యంతరం వేశారు. బ్యాంకుకే అంతా పోతోంది, మాకు దక్కేది లేదు, కాబట్టి బదిలీ ఆపండి అన్నారు. వాళ్ళ వాదనలో న్యాయం ఉంది. కానీ ఆవిడ ప్రతిపాదనకు గడువుంది. అది దాటితే ఆవిడ తప్పుకుంటుంది, కంపెనీ మూత పడుతుంది. లైసెన్సు వేలంలో అమ్మే వస్తువు కాదు, ప్రభుత్వానికి వెళ్ళిపోతుంది. అప్పుడు పంచుకోవడానికి మిగిలేవి మైకులూ కుర్చీలూ ఏసీలే. మా స్టేషన్ గొంతు శాశ్వతంగా పోతుంది.

ఈ సంగతి చెప్పి ఒప్పిద్దామని నేను పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. సాయంత్రమే వెళ్ళాను. పాతకాలపు కొట్టు. పరుపు మీద బాలీసుకు ఆనుకుని కూర్చున్నాడు.

"రండి ఎడిటర్ గారూ" అన్నాడు. నేను ఎడిటర్ని ఏనాడూ కాలేదు. ఆయనకు కోపం వచ్చినప్పుడు నాకు ఆ పదవి ఇచ్చేవాడు. "మీ ఆర్పీ గారేరి? తెల్లారకుండా వస్తాడు గదా, సాయంత్రం రాడా?"

నేను గడువు సంగతి, లైసెన్సు సంగతి చెప్పాను. అంతా విన్నాడు.

"మా డబ్బు పోయిందని మాకు తెల్సండీ. వ్యాపారంలో ఎన్ని పోలేదు? దానికి కోర్టు దాకా ఎవడెళ్తాడు? మరి మీరు ఏం జేశారు? ఒక్కరోజు ముందు చెప్పకుండా బోణీ కబురు తీసేశారు. పైపెచ్చు బోణీ కాని కొట్లోకి మనిషిని పంపి, పోయిన బాకీ ఎంతో చెప్పమన్నారు. ఇప్పుడు కొనే ఆవిడ అంతా హైదరాబాదు నుంచే నడుపుద్దంట. ఇక్కడ ఉండేది ఒట్టి టవరు స్తంభమేనంట. ఉంటే ఎంత, పోతే ఎంతండీ మాకు?"

నేను టీ తాగి వచ్చేశాను. ఇన్నాళ్ళ పత్రికా అనుభవంతో, అప్పులవాళ్ళు అప్పు గురించే వచ్చారని రాసుకున్నవాణ్ణి నేను. స్టేషన్‌కు వచ్చి జరిగింది చెబితే మా అమ్మాయి కాసేపు ఆలోచించి నవ్వింది.

"ఆయన ఎవర్నైనా వెళ్ళగొడతారు గానీ బోణీ బేరాన్ని వెళ్ళగొట్టరు గదండీ."

"అయితే?"

"కొనేది ఆవిడేగా. ఆవిణ్ణే పప్పు కొనుక్కోమనండి."

హైదరాబాదుకు ఫోన్ చేశాను. ఆవిడ మొదట ఒప్పుకోలేదు. "నేను ట్రిబ్యునల్లో మాట్లాడుకుంటానండీ, కొట్లో ఎందుకు?" అంది. బోణీ కాకముందు ఆర్పీ వెళ్ళిన కథ చెప్పాను. అవతల పెద్దగా నవ్వు. "మా నాన్న బతికుంటే ఆ ఆర్పీ గారిని గుమ్మంలోనే నిలబెట్టేవాడండీ. వస్తాను" అంది.

వచ్చింది. మామూలు నేత చీరలో, ఆటోలో. వన్‌టౌన్‌లో అప్పుడే బళ్ళ మీద బస్తాలు దిగుతున్నాయి. కొట్ల ముందు నీళ్ళు చల్లి, సాంబ్రాణి వేస్తున్నారు. పెద్దాయన దీపం పెట్టి పరుపు మీద కూర్చునేదాకా ఆగాలని సందు మొదట్లో నిలబడ్డాం. అంతలో హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన ఒక హోటలాయన సంచి ఊపుకుంటూ నేరుగా ఆ కొట్టు వైపే నడిచాడు. ఆయన ముందు వెళితే మా బోణీ పోయినట్టే. నాకు వచ్చిన విద్య ఒకటే. ఎదురెళ్ళి, "పేపరాయన్నండీ, ఈ రోడ్ల సంగతి మీరేమంటారు?" అని అడిగాను. విలేఖరి అడిగితే అభిప్రాయం చెప్పని మనిషిని విజయవాడలో నేను ఇంతవరకూ చూడలేదు. ఆయన సంచి కింద పెట్టి మరీ చెప్పసాగాడు. ఆవిడ మా పక్కనుంచి దాటుకుని కొట్లోకి వెళ్ళింది.

ఆయన అభిప్రాయం ముగిసీ ముగియకముందే నేనూ గుమ్మం దగ్గరికి చేరాను.

"ఒక బస్తా కందిపప్పు కావాలి బాబాయ్ గారూ" అంటోంది ఆవిడ.

పెద్దాయన ధర చెప్పాడు. ఆవిడ పప్పు అరచేతిలో వేసుకుని, ఊది, ఒక బద్ద కొరికి చూసి, తగ్గించమంది.

"ఇదే తక్కువమ్మా."

"బోణీ బేరం, ఆ మాత్రం తగ్గించరా?"

"బోణీ అని తెలిసే వచ్చావన్న మాట."

"తెలీకుండా ఈ ఇరుకు సందుల్లోకి పొద్దున్నే ఎవరొస్తారండీ?"

ఆయనకు నవ్వొచ్చింది. తగ్గించాడు. గుమాస్తా బస్తా దింపాడు. "ఏ పేరు రాయమంటావమ్మా?"

"రేడియో పేరు మీద రాయండి."

గుమాస్తా చేతిలో కలం ఆగిపోయింది. పెద్దాయన ఆవిణ్ణి చూసి, గుమ్మంలో ఉన్న నన్ను చూసి, మళ్ళీ ఆవిణ్ణి చూశాడు.

"డబ్బు ముందే ఇస్తానండీ" అంది ఆవిడ, పర్సు తీస్తూ. "రేడియో పేరు మీద అరువు అడిగే ధైర్యం నాకు లేదు."

ఆయన ఆ డబ్బు తీసుకోకపోతే మాకు ఇంకో దారి లేదు. కొట్లో దీపం వెలుగుతోంది. మొదటి బేరం కుదిరి, ధర తెగి, బస్తా దిగింది. పెద్దాయన చెయ్యి చాపాడు. నోట్లు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. స్పీకరు నొక్కి ఎత్తాడు. స్టూడియోలో మా అమ్మాయి. ఆర్పీని అడగలేదు, నన్నూ అడగలేదు. ఎల్బీనగర్ ట్రాఫిక్‌ను ఆపేసి లైవ్‌లోకి వచ్చేసింది.

"బాబాయ్ గారూ, నమస్కారమండీ! బోణీ కబురు నుంచి. చాన్నాళ్ళయింది గదండీ పలకరించి. ఈవేళ బోణీ ఏంటండీ?"

పెద్దాయన వెంటనే మాట్లాడలేదు. రేడియోలో నిశ్శబ్దం కంటే భయపెట్టేది ఇంకొకటి లేదు. సందులోని కొట్లలో ఎవరెవరో రేడియోలు గబగబా పెంచడం వినిపించింది.

"కందిపప్పమ్మా" అన్నాడు చివరికి. "ఒక బస్తా."

"ఏ ఊరి బేరమండీ?"

"పుట్టిందేమో గుడివాడ వైపు. ఉండేది హైదరాబాదు. రేడియో కొందామని బయల్దేరి పప్పు కొనుక్కుంది."

సందంతా ఒక్కసారి గొల్లుమంది. ఎదురు కొట్టు చింతపండు వ్యాపారి బయటికొచ్చి, "పప్పు ఒక్కటే తీసుకెళ్తే ఎట్టాగమ్మా, చింతపండు వద్దా?" అని అరిచాడు. హోటలాయన తన అభిప్రాయం రేడియోలో ఎప్పుడొస్తుందని నన్ను అడిగాడు.

టీలు వచ్చాయి. ఆవిడ పరుపు అంచున కూర్చుంది. పెద్దాయన ఒకే ప్రశ్న వేశాడు. "పొద్దున మాతో ఎవరు మాట్లాడతారు తల్లీ? ఎక్కణ్ణుంచి?"

"హైదరాబాదు నుంచే అనుకున్నామండీ. ఖర్చు కలిసొస్తుందని" అని నిజమే చెప్పింది. కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చుంది. "పొద్దున కార్యక్రమం ఇక్కణ్ణుంచే చేయిస్తాను. బోణీ కబురు మళ్ళీ పెడతాను. మీరు డబ్బు కట్టి వేయించుకోలేకపోయిన ప్రకటనలు ఉన్నాయి చూడండి, అవి నేను వేస్తాను. డబ్బు తిరిగివ్వలేను గానీ, ఆ సమయం ఇవ్వగలను."

పెద్దాయన అవుననలేదు, కాదనలేదు. "కోర్టులో చెప్తాలే" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆర్పీ స్టేషన్‌కు వచ్చాడు. "ఎవరి అనుమతితో లైవ్‌కు వెళ్ళారు?" అని అడిగాడు. "ముందు చెప్తే వద్దంటారు గదండీ" అంది మా అమ్మాయి. ఆయన కాసేపు గంభీరంగా ఉండాలని ప్రయత్నించి ఓడిపోయాడు. "ఆ రోజు నేను కొట్టు కొట్టుకూ వెళ్తుంటే అందరూ అలా ఎందుకు చూశారో ఇవాళ రేడియో విని, బోణీ సంగతి కనుక్కున్నాక తెలిసిందండీ" అన్నాడు.

వ్యాపారులు అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నారని వాళ్ళ లాయరు కబురు పంపాడు. మేం ధైర్యంగానే ట్రిబ్యునల్‌కు వెళ్ళాం. అక్కడ పెద్దాయన లేచి, వెనక్కి తీసుకోవడం లేదన్నాడు.

"ఎందుకు?" అని అడిగారు తెలుగు సభ్యుడు.

"వెనక్కి తీసుకుంటే మేం అసలు రానట్టే గదయ్యా లెక్క. ఈ అమ్మ మా కొట్లో మాటిచ్చింది. మంచిదే. రేపు ఆవిడకి తీరుబడి లేక మర్చిపోతే, మేం ఎవర్నడగాలి? మా అభ్యంతరం అక్కడే ఉంచండి. దాని కింద ఆవిడ ఒప్పుకున్నది రాయించండి. అప్పుడు అమ్ముకోండి, మాకేం అడ్డం లేదు."

సభ్యుడు పక్కనున్న సహచరుడికి ఇంగ్లీషులో చెప్పారు. ఆయన తల ఊపుతూ ఏదో రాసుకున్నారు. బ్యాంకు లాయరు లేచి ఇవి ఆవిడ కొనుగోలు ప్రణాళికలో లేని భారాలన్నాడు. బ్యాంకుకు రావలసిన దాంట్లో ఏమైనా తగ్గుతుందా అని అడిగారు సభ్యుడు. తగ్గదని ఒప్పుకుని కూర్చున్నాడు. అప్పుడు కొనే ఆవిణ్ణి లేవమన్నారు.

ఆవిడ పెద్దాయన వంక తిరిగింది. "ఆదివారాలు మినహాయిస్తారా బాబాయ్ గారూ?"

"ఆదివారం కొట్లే తియ్యం గదా, బోణీ ఎక్కడిదమ్మా? ఇచ్చాను పో."

హాల్లో నవ్వులు. సభ్యుడు కూడా నవ్వు దాచుకోవడానికి కాగితాల మీదికి వంగారు. ఉదయం కార్యక్రమం విజయవాడ నుంచే ఉంటుందని, వ్యాపారుల పాత ప్రకటనలు ప్రసారం చేస్తానని ఆవిడ ఇచ్చిన హామీని రికార్డు చేసి, అభ్యంతరాన్ని ముగించి, ప్రణాళికను ఆమోదించారు. మా అమ్మాయి నా మోచెయ్యి వదిలేసి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వాళ్ళ నాన్నకు ఫోన్ చేయడానికి బయటికి పరుగెత్తింది. గుమ్మం దగ్గర పెద్దాయన చెప్పులు తొడుక్కుంటూ నన్ను చూశాడు.

"ఎడిటర్ గారూ, ఆ హోటలాయన నా పాత ఖాతా అండీ. బోణీకొస్తుంటే రోడ్డు మీద ఆపేశారంట గదా మీరు!"

నేను ఆ తర్వాత కొన్నాళ్ళకే రిటైరయ్యాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు, స్టేషన్ ఎలా నిలబెట్టారని అడుగుతారు. నేను చట్టం చెబుతానని ఎదురుచూస్తారు. ఊరు ఎప్పుడు లేస్తుందో, లేవగానే ఏ మాట వినకూడదనుకుంటుందో తెలుసుకోమని చెబుతాను. నిరాశగా వెళ్ళిపోతారు. వెళ్ళనీండి. వన్‌టౌన్‌లో ఒక ఉదయం నిలబడితే వాళ్ళకే తెలుస్తుంది.

బోణీ కబురు రోజూ వస్తోంది. పప్పుల కొట్టు పాత ప్రకటనలు కూడా వస్తున్నాయి, అందులో చెప్పే ఫోన్ నంబరు మారిపోయినా సరే. లైసెన్సు బదిలీ ఫైలు మాత్రం ఇంకా ఢిల్లీలోనే ఉంది. స్టేషన్ గోడకు తగిలించిన లైసెన్సు మీద దివాలా తీసిన కంపెనీ పేరే ఉంది. ఆవిడ ఇచ్చిన హామీ, బదిలీ జరిగిన రోజు నుంచి అమల్లోకి వస్తుందని ఉత్తర్వులో రాశారు. ఆ రోజు ఇంకా రాలేదు. ఇవన్నీ ఆవిడ కొట్లో ఇచ్చిన మాట మీదే వస్తున్నాయి.